స్పిరిట్‌తో తుడిచిన నంబర్లు

నా పేరు ముందు ఇప్పుడు డాక్టర్ అని రాసుకోవచ్చు. నేను రాసుకోను. రాసుకుంటే మందమర్రిలో మా కాలనీ వాళ్లు బీపీ మాత్రల చీటీ పట్టుకుని వస్తారు. "బిడ్డా, గీ గోలి పొద్దుగాల ఏసుకోవాల్నా, మాపటికి ఏసుకోవాల్నా?" అని అడుగుతారు. నేను ఆ డాక్టర్ని కాదని చెబితే, "మరి గన్నేండ్లు ఏం చదివినవ్?" అంటారు. ఏం చదివానో చెప్పడానికి నాకు సిగ్గు.

నేను చేసినదాన్ని ట్రాన్స్‌లేషనల్ రీసెర్చ్ అంటారు. ల్యాబులో కనిపెట్టినదాన్ని రోగి మంచం దాకా చేర్చడం దాని పని. మా పీహెచ్‌డీ గైడ్ ప్రతి మీటింగులోనూ ఈ మాటతోనే మొదలుపెట్టేవాడు. కరీంనగర్‌లో తన ఏసీ గది దాటి ఆయన ఏ రోగి మంచం దగ్గరికీ వెళ్లగా నేను చూడలేదు. ఒక్కసారి మంచిర్యాల దాకా వచ్చాడు, అదీ ఎవరి పెళ్లికో. అక్కడి నుంచి ఆసిఫాబాద్ ఎంతో దూరం లేదు సార్, గూడెం చూసి వద్దామా అంటే, "గక్కడ మస్తు దోమలుంటయమ్మా" అన్నాడు. జబ్బుల మీద పరిశోధన చేసే మహానుభావుడికి దోమలంటే భయం.

మా టాపిక్ సికిల్ సెల్. ఎర్ర రక్తకణాలు గుండ్రంగా ఉండాల్సినవి వంకరపోయి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఒళ్లంతా నొప్పులు, జ్వరాలు, చిన్నపిల్లలైతే ప్రాణం మీదికే వస్తుంది. ఆసిఫాబాద్ వైపు గోండు గూడేల్లో ఈ జబ్బు ఉంది. పసితనంలోనే తెలిస్తే మందులతో, జాగ్రత్తలతో పిల్లల్ని కాపాడుకోవచ్చు. ఈ చివరి వాక్యం మా ప్రాజెక్టు కాగితాల్లో మూడుచోట్ల ఉంది. రాసింది నేనే.

రక్తం తీయడానికి గూడేనికి నేనూ, మా ల్యాబ్ టెక్నీషియనూ వెళ్లాం. ఊరి పటేల్ తలూపేదాకా ఎవరూ చెయ్యి చాపలేదు. ఆయన ముందు తనే చాపాడు, తర్వాత మిగతావాళ్లు వరసలో కూర్చున్నారు. చివరికి ఒక తల్లి ఏడాది పాపను ఎత్తుకుని వచ్చింది. నాకు పాలు లేని చాయ్ పోసి ఇచ్చి, నేను తాగేదాకా ఆగి అడిగింది.

"డాక్టరమ్మా, నా పెద్దోడు పోయిన వానకాలం జరమొచ్చి పోయిండు. వాడు పోయినంక దవాఖానల సికిల్ సెల్ అని చెప్పిన్రు. దీనిదన్న ముందుగాల ఎరుకైతే నేను జర జూసుకుంట. చెప్తరా?"

"చెప్త అక్కా," అన్నాను. ఆ 'చెప్త'ను నమ్మి ఆమె పాప చెయ్యి నా చేతికిచ్చింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. తర్వాత, రిపోర్టులో వేయడానికి పనికొస్తుందని, తల్లీబిడ్డలను ఒక ఫొటో కూడా తీశాను.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ రోజు నా సంచి అడుగున ఒక పెట్టె ఉంది. అందులో చిన్న చిన్న పరీక్ష కార్డులు. వేలికొస మీద ఒక చుక్క రక్తం తీసి కార్డు మీద వేస్తే, చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేలోపు జబ్బు ఉందో లేదో తేలిపోతుంది. ఒక కంపెనీ వాళ్లు శాంపిల్‌గా ఇచ్చి పోయారు. బయలుదేరేముందు మా గైడ్ ఆ పెట్టె చూసి, "అవి తియ్యకు. గక్కడనే చెప్పేస్తే మళ్లోసారి రక్తమియ్యనీకి ఎవడొస్తడు?" అన్నాడు. నేను గంగిరెద్దులా తలూపాను. ఆ పెట్టె నా సంచిలోనే వెళ్లింది, నా సంచిలోనే తిరిగొచ్చింది.

మా పరీక్ష చాలా గొప్పది మరి. జన్యువుల దాకా వెళ్లి చూసేది. దానికి కావలసిన సరంజామా రావడానికి నెలలు పట్టింది. అందాకా రక్తం గొట్టాలన్నీ ఫ్రీజర్‌లో పడి ఉన్నాయి. ఒక్కో గొట్టం మీద పెన్నుతో ఒక నంబరు, ఆ నంబరు ఎవరిదో నా రిజిస్టర్‌లో. చలికి ఊడని లేబుళ్లు కొనమని నేను అడిగితే, ఆ ఫైలు టేబుళ్లు మారుతూ తిరిగింది. టీ పార్టీలకు కేకులు మాత్రం ఏ టేబులూ ఆగకుండా వచ్చేవి.

గూడెం తల్లి మాత్రం వారం వారం ఫోన్ చేసేది. వారపు అంగడికి వచ్చిన రోజు దుకాణంలో ఎవరి ఫోనో అడిగి తీసుకుని, వెనకాల బేరాల గోలలో గట్టిగా మాట్లాడేది. "నా బిడ్డది ఏమచ్చింది?" "ఇంకా రాలే అక్కా." "అట్లనా. పైవారం చేస్త." ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

అంతలో ఇన్‌స్పెక్షన్ కమిటీ వస్తోందని కబురొచ్చింది. ఇక చూడాలి మా ల్యాబు సంబరం. కర్టెన్లు మార్చారు, పూలకుండీలు తెచ్చారు, ఎన్నడూ వాడని మైక్రోస్కోపుకు కొత్త కవర్ తొడిగారు. ముందురోజు మా గైడ్ ఫ్రీజర్ తెరిచి మొహం చిట్లించాడు.

"ఏందమ్మా గీ మంచు, గీ మరకలు? ఒక్క గొట్టమన్న సాఫ్ లేదు. అన్నీ స్పిరిట్‌తోని తుడవుండ్రి."

నేనూ, టెక్నీషియనూ కూర్చుని తుడిచాం. రెండో ట్రేకి వచ్చేసరికి నా చేతిలో దూది నల్లబడింది. గొట్టం వంక చూశాను. నంబరు లేదు. ముందు ట్రే చూశాను. అందులోనూ ఒక్క నంబరూ మిగల్లేదు. లేచి ఆయన గదికి వెళ్లి, "సార్, నంబర్లు పోతున్నయ్" అన్నాను. ఆయన ఫోన్‌లో ఉన్నాడు. కమిటీకి మధ్యాహ్నం భోజనంలోకి చేపలా, మటనా అని మాట్లాడుతున్నాడు. పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

నేను తిరిగొచ్చి మిగతా ట్రేలు కూడా తుడిచాను. ఆయన్ని ఇంతసేపు తిట్టాను కదా, ఈ పని చేసిన చేతులు మాత్రం నావి.

ఆ సాయంత్రం ఆయన మెరిసే స్టిక్కర్లు ప్రింట్ తీయించాడు. ఒకటి, రెండు, మూడు అంటూ చేతికి ఏ గొట్టం దొరికితే దానికి అంటించాం. మర్నాడు కమిటీ పెద్దమనిషి ఫ్రీజర్‌లోకి తొంగిచూసి, ఇంత పద్ధతైన ల్యాబు ఈ జిల్లాల్లో చూడలేదన్నాడు. మా గైడ్ సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు.

కమిటీ వెళ్లాక రిజిస్టర్ పట్టుకుని వెళ్లి ఆయన ముందు పెట్టాను. ఏ రక్తం ఎవరిదో ఇక తెలియదని చెప్పాను. ఆయన నిమ్మళంగా చాయ్ తాగుతూ విన్నాడు.

"ఎంతమందికి ఉన్నదన్నదే మన స్టడీ. మొత్తం లెక్క ఏడికీ పోలే గద? పేపర్ల మనం పేర్లు రాస్తమా? ఫికర్ చెయ్యకు."

తర్వాత అలాగే జరిగింది. పేపర్‌కు నలుసంత నష్టం కూడా రాలేదు. పెద్ద సైన్సు పత్రికలో అచ్చయింది. దాన్ని చూపించుకుంటూ మా గైడ్ ఊరూరా ప్రసంగాలు చేశాడు. మొదటి స్లైడు మీద ఆ తల్లి, చంకలో పాప. నేను తీసిన ఫొటోనే. కింద పెద్ద అక్షరాలతో 'ల్యాబు నుంచి రోగి దాకా' అని. థూ.

కానీ అదంతా తర్వాతి మాట. కమిటీ వెళ్లిన రెండు వారాలకు అంగడి ఫోన్ వచ్చింది. ఈసారి ఆమె ఏమచ్చిందని అడగలేదు.

"డాక్టరమ్మా, పిల్ల చేతులు, కాళ్లు ఉబ్బినయ్. ముట్టనిస్తలేదు. రాత్రి, పగలు ఏడుస్తంది."

ఆ జబ్బు పసిపిల్లల్లో అలాగే మొదలవుతుందని నేను పుస్తకంలో చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఫోన్ పెట్టేసి, బీరువాలోంచి ఆ కార్డుల పెట్టె తీసి సంచిలో వేసుకున్నాను. ఎవరినీ అడగలేదు. కరీంనగర్ నుంచి మంచిర్యాల, అక్కడి నుంచి ఆసిఫాబాద్, అక్కడి నుంచి గూడెం బస్సు. దారి పొడవునా, కార్డు మీద జబ్బు గీత రాకూడదని కోరుకుంటూనే ఉన్నాను.

పాప చెయ్యి ఉబ్బి, వేళ్లు విడివిడిగా కనిపించడం లేదు. నన్ను చూసి తల్లి కొత్తగా చాయ్ పెట్టింది. కాలి బొటనవేలి నుంచి ఒక చుక్క తీసి కార్డు మీద వేశాను. ఇద్దరం దాని వైపే చూస్తూ కూర్చున్నాం. చాయ్ ఇంకా సగం ఉండగానే గీతలు తేలాయి. పాపకు జబ్బు ఉంది.

ఏం చేయాలో చెప్పాను. పెద్ద దవాఖానలో ఇంకో పరీక్ష చేసి మందులు మొదలుపెడతారని, అవి రోజూ వాడాలని, జ్వరమొస్తే ఒక్క పూట కూడా ఆగొద్దని. ఆమె అన్నిటికీ తలూపింది. తర్వాత కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గింతేనా?"

"గింతే అక్కా."

"గిది గప్పుడు నీ సంచిల లేకుండెనా?"

లేదని చెప్పొచ్చు. చెబితే ఆమె నమ్మేది కూడా.

"ఉండె," అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. కార్డును జాగ్రత్తగా నా పక్కన పెట్టింది. పాపను భుజాన వేసుకుని లేచి గడప దాకా వెళ్లింది. పెద్ద దవాఖానకు పోయే బస్సు ఎన్ని గంటలకు ఉందో పక్కింటామెను అడిగింది. ఆ బస్సు దిగే నేను వచ్చానని ఆమెకు తెలుసు.