నేను చెరిపేసిన సున్నపు బొట్టు

ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఒక మనిషిని అబద్ధాలకోరుగా నిలబెట్టడం మీకు ఎప్పుడైనా చేతనయిందా?

నాకు చేతనయింది. ఏడేళ్ళయింది. ఇన్నేళ్ళూ ఈ మాటను నేను మోశాను. ఊరికే మోయలేదు. బయటికి రాకుండా కాపాడటానికి ప్రతి వేసవిలోనూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాను. మాట మార్చాను, ఆ వీధికి వెళ్ళకుండా తప్పించుకున్నాను, నాలో నేను వాదించుకుని గెలిచాను. ఇప్పుడు అలసిపోయాను. నాలో పశ్చాత్తాపం కన్నా అలసటే ఎక్కువగా ఉందేమోనన్న అనుమానం కూడా ఉంది. ఆ అనుమానాన్ని మీ ముందు దాచి, మిగతాది చెప్పడం సరికాదనిపించింది.

మా పెద్దమ్మది బందరు. టీచరు ఉద్యోగం మీద సికింద్రాబాద్ వచ్చి, తర్వాత కాప్రాలో, చెరువు వెనక వీధిలో, మూలమీది స్థలంలో ఇల్లు కట్టుకుంది. చిన్నప్పుడు చూసిన తుఫాను ఆమెను ఎన్నడూ వదల్లేదు. ఇక్కడికి సముద్రం ఎంత దూరమో పిల్లలకు పటం మీద చూపించిన మనిషే, ఏటా మట్టల ఆదివారానికి ముందు వారంలో ఇంటి చెట్లన్నింటినీ తుఫానుకు సిద్ధం చేయించేది. కొబ్బరిచెట్టు నుంచి ఎండుమట్టలూ, కొన్ని పచ్చిమట్టలూ, బరువైన గెలలూ దింపించేది. మునగ కొమ్మలు పొట్టి చేయించేది. ప్రహరీ పక్కనున్న పెద్ద నిద్రగన్నేరు గుబురును లోపలి నుంచి పలచన చేయించేది. అది చెట్టును నరకడం కాదు, గాలికి దారి చెయ్యడం అనేది. కొబ్బరిచెట్టు నుంచి దింపిన పచ్చిమట్టలు ఈస్టరుకు ముందొచ్చే ఆ ఆదివారం ఉదయం చర్చికి వెళ్ళేవి. మా ఇంటి మట్టలు పట్టుకుని పిల్లలు పాడుతూ నడుస్తుంటే పెద్దమ్మ వెనక వరసలో నిలబడి చూసేది.

ఆ పని చేసేది కొమురయ్య. మొదటి ఏడాది ఆయన అడిగిన మాట మా ఇంట్లో చాలాకాలం నవ్వుకునే మాటగా ఉండిపోయింది.

"ఏంది టీచరమ్మా, సముద్రం గిట్ల కాప్రా చెరువు దాంక వస్తదా ఏంది?"

"రాకపోతే నీ గొడ్డలి ఏమీ అరిగిపోదులే. ఎక్కు."

ఎక్కాడు. పదకొండేళ్ళు ఎక్కాడు. సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడని ఆ మనిషి, బందరు వాళ్ళ పనిని బందరు వాళ్ళకన్నా శ్రద్ధగా నేర్చుకున్నాడని పెద్దమ్మ అనేది.

ఆయనకొక పద్ధతి ఉండేది. వచ్చిన రోజే కొమ్మ మీద వేటు వేసేవాడు కాదు. మొదటి రోజు పొద్దున్నే వచ్చి గొడ్డలి వెనక భాగంతో ఒక్కొక్క కొమ్మనూ తట్టి, తల వంచి వినేవాడు. తీయాల్సిన కొమ్మ మొదట్లో, తన తంబాకు డబ్బాలోని తడి సున్నం బొటనవేలితో తీసి ఒక బొట్టు పెట్టేవాడు. మరునాడు తాడు తెచ్చుకుని వచ్చి కోసేవాడు. మధ్యలో ఆ ఒక్క రోజు ఎందుకని నేను ఒకసారి అడిగాను. "ఇంటోళ్ళు సుత జెర చూస్కోవాలె గద" అన్నాడు.

ఆ ఏడాది నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. పెద్దమ్మ ఇంట్లోనే ఉండి చదువుకునేదాన్ని. కాలేజీ చర్చా బృందంలో నాకు మంచి పేరుంది. మరో పది రోజుల్లో పోటీ. నగరంలో పచ్చని చెట్టు మీద గొడ్డలి పడకుండా పూర్తిగా నిషేధించాలన్నది విషయం. నేను నిషేధం తరఫున మాట్లాడాలి. పెద్దమ్మ, మా పిన్నికి ఆపరేషనని బందరు వెళ్తూ, "కొమురయ్య వస్తాడు, దగ్గరుండి చేయించవే" అని చెప్పి వెళ్ళింది.

ఆయన సోమవారం ఆరున్నరకు వచ్చాడు. నిద్రగన్నేరు కొమ్మల్లో ఒకదానికి మాత్రం బొట్టు పెట్టాడు. ఆ కొమ్మ ప్రహరీ దాటి పక్క వీధిలోకి చాచుకుని ఉండేది. దాని నీడలోనే, గోడకు ఆవల, సత్తెమ్మ ఇస్త్రీ బల్ల. ఆమె బొగ్గులు రాజేసేది తొమ్మిది దాటాకే కాబట్టి, ఆ పొద్దు కొమురయ్యను నేను తప్ప ఎవరూ చూడలేదు.

మంగళవారం కూడా అదే వేళకు తాడుతో వచ్చినప్పుడు గేటు దగ్గరే ఆపాను. నేను ఆయన్ను "మీరు" అనేదాన్ని. ఆ వీధిలో ఆయన వయసున్న పనివాళ్ళను అలా పిలిచే పిల్లను నేనొక్కదాన్నే. దాని మీద నాకు గర్వం కూడా ఉండేది.

"కొమ్మ పచ్చగా ఉంది కదా. ఎందుకు కొట్టాలి?"

"పైకి పచ్చగనే ఉన్నది పాపా. లోపట సప్పుడు వేరే ఉన్నది."

"చప్పుడు ఆధారం అవుతుందా?"

"మాకైతే గదే."

"ఎప్పుడు విరుగుతుంది? వారంలోనా, ఏడాదిలోనా?"

"గది నేనెట్ల చెప్త? గాలి నాకు చెప్పి వస్తదా?" నవ్వాడు.

"అంటే మీకు తెలియదు."

నవ్వు ఆగింది. తాడు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "కింద సత్తెమ్మ కూసుంటది బిడ్డా" అన్నాడు.

"అది వేరే విషయం. పెద్దమ్మ వచ్చాక చూద్దాం."

వేరే విషయం. ఎదుటివాళ్ళు బలమైన మాట అన్నప్పుడు దాన్ని చర్చాంశం వెలుపలికి నెట్టేయడం మాకు నేర్పిన మొదటి ఒడుపుల్లో ఒకటి. నేను ఆలోచించలేదు, చెయ్యి ఈగను తోలినట్టు నోరు ఆ పని చేసింది. ఆయన వెళ్ళిపోయాడు. నేను లోపలికి వచ్చి అద్దం ముందు నిలబడి అదే ప్రశ్నల వరసను మళ్ళీ ఒకసారి చెప్పుకున్నాను. బాగుంది అనుకున్నాను. ఆ క్షణంలో నాకు చెట్టు మీద ప్రేమ ఉందా, ప్రశ్నల మీద ప్రేమ ఉందా? ఏడేళ్ళుగా ఈ ప్రశ్నకు నిజాయితీగల జవాబు వెతుకుతూ, ప్రతిసారీ నాకు కాస్త అనుకూలంగా ఉన్న జవాబు దగ్గర ఆగిపోతున్నాను.

బుధవారం సాయంత్రం గాలి వచ్చింది. మొదట దుమ్ము, తర్వాత వడగళ్ళు. తుఫాను కాదు, ఈ ఊళ్ళో ఏటా వచ్చేదే. ఇస్త్రీ అయిన బట్టలు తడుస్తాయని సత్తెమ్మ మూట కడుతుండగా కొమ్మ కూలింది. బల్ల రెండు ముక్కలయింది. ఆమె కుడి చెయ్యి మోచేతి కింద విరిగింది. వీధివాళ్ళూ నేనూ కలిసి ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారి పొడవునా ఆమె నన్ను ఒకే మాట అడిగింది: "కొమురయ్య ఈసారి రాలేదా బిడ్డా?" నొప్పిలో ఉంది, ఇప్పుడెందుకు అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత సులువో అప్పుడే తెలిసింది.

గురువారం ఉదయం చెట్టు దగ్గరికి వెళ్ళాను. కొమ్మ విరిగిన చోటికి జానెడు ఇవతల, చెట్టుకు మిగిలిన మొండి మీద, తెల్లటి బొటనవేలి గుర్తు. వడగళ్ళ వానకు కూడా పోలేదు. మధ్యాహ్నం రైలుకు పెద్దమ్మ వస్తోంది. కుర్చీ వేసుకుని ఎక్కి తడిగుడ్డతో తుడిచాను. బెరడు పగుళ్ళలో సున్నం అలాగే ఉండిపోయింది. వంటింట్లో గిన్నెలు తోమే కొబ్బరి పీచు తెచ్చి రుద్దాను. మా చెట్టు పీచే. ఆయన దింపిన కాయదే. చాలాసేపు రుద్దాను. ఆలోచించే వ్యవధి లేదని చెప్పలేను. అంతసేపూ నేను ఆలోచిస్తూనే ఉన్నాను.

ఎందుకు చేశాను? సత్తెమ్మ చేతికి నేను కారణమని తెలిస్తే పెద్దమ్మ తిట్టేది, ఏడ్చేది, చివరికి క్షమించేది. అది నాకు తెలుసు. నేను భయపడింది శిక్షకు కాదు. న్యాయంగా ఆలోచించే పిల్లనని ఆ ఇంట్లో నాకున్న పేరు పోతుందని భయపడ్డాను. న్యాయమన్న పేరు నిలబెట్టుకోవడానికి న్యాయాన్ని పీచుతో రుద్దేశాను. ఇంత పొందికగా చెప్పగలగడం కూడా నాకు అసహ్యంగా ఉంది. కానీ జరిగింది అదే.

శుక్రవారం పెద్దమ్మ కొమురయ్యను పిలిపించింది. విరిగిన కొమ్మ పక్కన ముగ్గురం నిలబడ్డాం.

"సత్తెమ్మ చెయ్యి విరిగిందయ్యా. నువ్వు వచ్చి ఉంటే ఇలా అయ్యేదా?"

"నేనొచ్చిన టీచరమ్మా. పాపనే వద్దన్నది."

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "ఏమే?"

నేను ఆయన్ను చూశాను. నెమ్మదిగా, మర్యాదగా అడిగాను. "మీరు ఏ రోజు వచ్చారు?"

"గదే పాపా... సోమారం. మల్ల మంగళారం."

"సోమవారమా, మంగళవారమా?"

రెండూ నిజమే. ఒకటి బొట్టు పెట్టిన రోజు, ఒకటి కోయడానికి వచ్చిన రోజు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. కానీ నేను ప్రశ్నను రెండింటిలో ఒకటి ఎంచుకోక తప్పనట్టుగా అడిగాను. నేనెంత తొణక్కుండా ఉన్నానో ఆయన అంత తడబడ్డాడు. అప్పుడు చూసేవాళ్ళకు నిజం ఎటువైపు ఉన్నట్టు కనబడుతుందో చర్చా బృందంలో నాకు నేర్పారు.

"బొట్టు పెట్టిన టీచరమ్మా. చూడుండ్రి" అంటూ ఆయన కుర్చీ కూడా లేకుండా కొమ్మ చీలిక పట్టుకుని పైకి లేచాడు. ఆ మొండి మీద బొటనవేలు పెట్టాడు. అక్కడేమీ లేదు. కాసేపు ఆ చోటును తడిమాడు. బెరడు పగుల్లో ఇరుక్కున్న ఒక పీచు పోగును గోటితో లాగి, వెలుగులో పట్టి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

నేను ఎదురుచూశాను. ఆ పోగును పెద్దమ్మకు చూపిస్తే నేను అక్కడే ఒప్పుకునేదాన్నని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమో కాదో తెలుసుకునే అవకాశం ఆయన నాకివ్వలేదు. కిందికి దిగాడు. పోగును నేల మీద వదిలేశాడు.

"సరే పాపా" అన్నాడు. అంతే.

"పదకొండేళ్ళు నమ్మాను కొమురయ్యా" అంది పెద్దమ్మ. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే ఆయనకు తేలికగా ఉండేదేమో.

ఆ ఆదివారం మా ఇంటి నుంచి చర్చికి మట్టలు వెళ్ళలేదు. తర్వాతి వారం నేను చెట్ల తరఫున మాట్లాడి మొదటి బహుమతి తెచ్చుకున్నాను. ఆ షీల్డు ఇప్పటికీ పెద్దమ్మ ముందుగదిలో ఉంది. రాలేదు సరే, వచ్చానని బొంకాడట అన్న మాట వీధి చివరిదాకా పాకింది. చెట్టెక్కే మనిషిని ఇంటి లోపలికి రానిచ్చేది నమ్మకం మీదే కదా. ఒక్కొక్క ఇల్లూ పిలవడం మానేసింది. సత్తెమ్మ చెయ్యి అతికింది కానీ పూర్తిగా తిరగదు. బొగ్గుల పెట్టె ఎత్తడానికి ఇప్పుడు రెండు చేతులూ వాడుతుంది. తన చెయ్యి పోయింది కొమురయ్య వల్లేనని ఆమె ఈరోజుకీ నమ్ముతోంది.

నేను ఇప్పుడు రాంగోపాల్‌పేట్‌లో ఉంటున్నాను. ఉద్యోగం చేస్తూ, శనివారాలు పిల్లలకు వాదన ఎలా చేయాలో నేర్పుతున్నాను. నేను నేర్పే మొదటి ప్రశ్న, ఆధారం ఏది? గత నెల పుస్తకాల అరకు చెక్క కొందామని బోయిగూడలో ఒక కలప అడితికి వెళ్ళాను. దుంగలు పేర్చుతున్నవాళ్ళలో ఆయన ఉన్నాడు. నేను గుర్తుపట్టకముందే ఆయన గుర్తుపట్టాడు.

"టీచరమ్మ బిడ్డవే గద. అమ్మ మంచిగున్నదా?"

ఉందన్నాను.

"కొబ్బరిచెట్టు ఎవరు దింపుతున్నరు?"

ఎవరూ దింపడం లేదన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అట్ల ఇడ్సిపెట్టొద్దు. గాలి దినాలు షురూ అయితున్నయ్." మళ్ళీ దుంగల దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను చెక్క కొనకుండా వచ్చేశాను. ఆయన నిందించి ఉంటే జవాబు వెతుక్కునేదాన్ని. చెట్టు సంగతి అడిగాడు.

దీన్ని చదివి మీరు నన్ను క్షమించాలని కోరను. మీకు ఆ హక్కు లేదు. అది ఉన్న ఇద్దరినీ నేను ఇంతవరకూ అడగలేదు. పెద్దమ్మకు నేనే చెప్తానని రాయాలని ఉంది. కానీ ఆ మాట గత వేసవిలోనూ అనుకున్నాను, అంతకు ముందు వేసవిలోనూ అనుకున్నాను. అందుకే ఈసారి ముందుగా అచ్చులో చెప్తున్నాను, వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా. నా పేరు రాయలేదు. ఆ వీధివాళ్ళకు పేరు అక్కర్లేదు. రాసేశాక భారం తగ్గిందా అంటే, తగ్గలేదు. మోసే చెయ్యి మాత్రం మారింది. దానికే కాస్త ఊపిరి ఆడుతోంది.

ఒక్కటి అడుగుతాను. కాప్రా చెరువు వెనక వీధి మీలో ఎవరికైనా తెలిసి ఉంటే, ప్రహరీ పక్కన సత్తెమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర ఆగండి. ఆమెకు చదవడం రాదు. ఇది ఆమెకు చదివి వినిపించండి. ఆ వీధిలో మీకు ఇల్లుంటే, చెట్టుంటే, ఈ గాలులు ముదరకముందే బోయిగూడ వెళ్ళి కొమురయ్యను పిలవండి. ఎవరైనా నమ్మకపోతే, ఏ రోజు వచ్చాడని అడిగితే, జవాబు నేనిస్తున్నాను. సోమవారం వచ్చాడు. మంగళవారం మళ్ళీ వచ్చాడు. అలాగే చెప్పండి.