పడినవాని పేరు

సోమవారం సాయంకాలం ఐదు గంటల పది నిమిషాలకు చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో నర్సు మా అన్న చేతికి స్పిరిట్ దూది రుద్దుతూ, మగతగా ఉన్న రోగులను అడిగే మామూలు ప్రశ్నే అడిగింది. "హెసరు హేళప్పా." పేరు చెప్పమని కన్నడంలో అంటోంది. అన్న కళ్ళు తెరిచి, స్పష్టంగా, "శీనప్ప, మండికల్" అన్నాడు. ఆమె చీటీలో ఉన్న గోపాల్ అనే పేరు చూసి, నా వైపు చూసింది. ఆ స్పిరిట్ వాసనను నేను మొదట పీల్చింది చింతామణి బడి మైదానంలో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు.

మా పెదనాయన ఆ బడిలో డ్రిల్లు మేష్టరు, చుట్టుపక్కల బాస్కెట్‌బాల్ పందేలకు రెఫరీ. ఉగాది దాటాక, ఎండ తిరిగే వేళకు, మట్టి కోర్టుకు నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీసి ఆడించేవారు. తడిసిన మట్టి వాసనలో, పండగకు చేసిన బొబ్బట్లలో మిగిలిన ఓళిగలు, ఉడకేసిన శెనక్కాయలు ఒళ్ళో పెట్టుకుని మేము గీత బయట వరుసగా కూర్చునేవాళ్ళం. పెదనాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఇంట్లో సంగటి తింటున్నప్పుడు కూడా ఎవరి పాదాలు ఎక్కడున్నాయో కనిపెడుతున్నట్టు కిందికే చూసేవాడు. తప్పు ఎట్లా తెలుస్తుందని నేనడిగితే ఒక్కటే చెప్పేవాడు. "బాల్‌కు పోయినాడా, మనిషికి పోయినాడా, అంతేమ్మా చూసేది. గాల్లో ఉండేవాని కింద నేల వానిదే. దాంట్లో ఇంగొకడు కాలు పెట్టరాదు."

చేయి తగిలితే మామూలు ఫౌల్. బంతి మీద చూపు లేకుండా మనిషిని తోస్తే, పెదనాయన ఒక చేతి మణికట్టును ఇంకో చేత్తో పట్టి తలపైకి ఎత్తేవాడు. ప్రాణం మీదికి తెస్తే రెండు పిడికిళ్ళూ ఎత్తేవాడు. అప్పుడు ఆ ఆటగాడు వెంటనే మైదానం వదిలి పోవాలి. నియమాల పుస్తకంలో లేనిది ఆయన ఒకటి చేర్చుకున్నాడు. మణికట్టు పట్టినప్పుడల్లా, ఆట మళ్ళీ మొదలయ్యే ముందు, తోసినవాడు పడినవాణ్ణి పేరుపెట్టి పిలిచి, చేయిచ్చి లేపాలి. పేరు తెలియకపోతే అడిగి తెలుసుకోవాలి. "పేరు తెలిసినోన్ని రెండోసారి తొయ్యలేవప్పా" అనేవాడు.

మండికల్ జట్టు వచ్చిన రోజు మా జట్టులో అన్న ఆడాడు. అన్నకప్పుడు పదిహేడేళ్ళు. శీనప్ప అనే పొడుగాటి అబ్బాయి అప్పటికే అన్నను మూడుసార్లు దాటిపోయాడు. "ఏమప్పా, మండికల్ బస్సుకు దారిస్తాండావా" అని మావాళ్ళే ఎగతాళి చేశారు. నాలుగోసారి శీనప్ప రింగు కింద ఎగిరినప్పుడు నేను లేచి నిలబడి "మునెన్నా, కొట్టు" అని అరిచాను. మునెప్ప మా తాత పేరు, అదే అన్నకూ పెట్టారు. అన్నను ఇంట్లో తప్ప ఎవరూ అట్లా పిలవరు. మా వైపు బంతిని రింగులో వేయడమూ కొట్టడమే, ఎదుటివాని బంతిని తోసేయడమూ కొట్టడమే, మనిషిని కొట్టడమూ కొట్టడమే. నేను బంతినే అన్నాను. అన్న పైకి చూడలేదు. శీనప్ప కాళ్ళు దిగే చోటు చూసి, అక్కడికి వంగి నడుము పెట్టాడు.

పడిన చప్పుడు చిన్నదే. చుట్టూ శెనక్కాయలు ఒలిచే చప్పుడు మాత్రం ఒక్కసారిగా ఆగిపోయింది. శీనప్ప కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, రెప్ప పడటం లేదు. పెదనాయన మోకాళ్ళ మీద కూర్చుని, అతని మోచేతి గాయానికి స్పిరిట్ దూది అద్దుతూ పేరడిగాడు.

"మునెప్ప" అన్నాడు శీనప్ప, మెల్లగా.

మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాడు.

పెదనాయన లేచి అన్న వైపు తిరిగాడు. "యాడ చూస్తాంటివి?"

"బాల్‌నే, పెదనాయనా."

పెదనాయన నన్ను చూశాడు. నేను చూసిందేమిటో నాకు తెలుసు. తల దించుకుని, ఒళ్ళో పడిన తొక్కలు ఏరుకుంటూ ఉండిపోయాను. ఆయన రెండు పిడికిళ్ళూ ఎత్తాడు. బయటికి పోవలసినవాడు మైదానంలో ఉండరాదు గనుక, ఆ ఒక్కరోజు పడినవాణ్ణి పిలిచి లేపేవాడు లేకపోయాడు.

శీనప్పను వాళ్ళ జట్టువాళ్ళు మోసుకుపోయారు. మరునాటికి అతనికి తన పేరు గుర్తొచ్చిందని కబురు తెలిసింది. పడేముందు విన్న పేరు నోట్లో నిలిచిపోయి ఉంటుంది, ఆ పేరు అరిచింది నేనే, ఇందులో వింతేమీ లేదని ఇప్పుడు అనుకోగలను. మా అవ్వ ఒప్పుకోలేదు. "నీ పేరు ఆ పిల్లోని తాన ఉండాది. వాని పేరు నువ్వు పిలవలేదు. పోయి లేపి రాప్పా" అంది.

"లేచి ఇంటికి పోయినోన్ని ఏం లేపేదవ్వా? పెదనాయనే గదా నన్ను తరిమింది" అన్నాడు అన్న.

అవ్వ బతికినన్నాళ్ళు ప్రతి ఉగాదికీ అడిగింది. అన్న పోలేదు. బాగేపల్లిలో చుట్టాల పెళ్ళయినా, మండికల్ మీద పోయే బస్సు ఎక్కకుండా చుట్టుదారిలో వచ్చేవాడు.

ఆ సోమవారం నర్సు పోయాక, అన్న చెవి దగ్గర "మునెన్నా" అని పిలిచాను. పలకలేదు. ఈసారి "శీనప్పా, లెయ్యప్పా" అన్నాను. అన్న చేయి దుప్పటి మీద నుంచి లేచి, ఎవరో అందుకుంటారన్నట్టు గాలిలో నిలిచింది. పట్టుకున్నాను.

"యాడ చూస్తాంటివి?" అన్నాడు. ఆ మాట అడిగింది అన్నో, పెదనాయనో నాకు తెలియలేదు.

"నిన్నే. నువ్వు వాని కాళ్ళు చూస్తాంటివి" అన్నాను. తొమ్మిదేళ్ళప్పుడు చెప్పవలసిన మాట. అన్న తల ఊపాడు. బుధవారం పోయాడు.

కర్మాంతరం అయ్యాక చింతామణి పోయి ఆ కోర్టు చూశాను. ఇప్పుడది సిమెంటు నేల. ఆట జరుగుతోంది. ఒక పిల్లవాడు పడ్డాడు. రెఫరీ మణికట్టు పట్టి పైకెత్తాడు. పడినవాడు తానే లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు, తోసినవాడు అప్పటికే తన చోటికి పోయి నిలబడ్డాడు. రెఫరీ ఈల ఊదాడు, ఆట మళ్ళీ మొదలైంది. పడినవాణ్ణి పేరుపెట్టి పిలిచి లేపడం ఇప్పుడు లేదు.