ప్రెసిడెంటు గారి కేకు మీద పత్తిపూలు

ప్రెసిడెంటు గారిని ఒకే మాట ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాను. ఒక్కరూ బదులు చెప్పలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంటికి వెళ్తే "అయ్యగారు ఊళ్లో లేరు" అన్నారు. లోపలి గదిలోంచి ఆయన దగ్గు మాత్రం వినబడుతూనే ఉంది. నేను మర్చిపోయి ఉంటాననుకున్నారు కాబోలు. ఇవాళ పొద్దున సత్తెనపల్లిలోని నా బేకరీలో క్రీములో గులాబీ రంగు కలుపుతుంటే, ఆ తీపి వాసనకి మా కాశిం మాస్టారు గుర్తొచ్చారు. సరిగ్గా అప్పుడే ఇద్దరు మనుషులు వచ్చి, ప్రెసిడెంటు గారి పుట్టినరోజుకి పూల కేకు కావాలన్నారు. పూలు ఏ రంగు అని అడిగాను. "ఏదో ఒకటి, మీ ఇష్టం" అన్నారు. ఒకప్పుడు మా మాస్టారి పని పోగొట్టింది ఆ మాటే.

కాశిం మాస్టారు నరసరావుపేటలో నాకు పని నేర్పిన మనిషి. మగవాళ్ల కేకు మీద పూలంటే మిగతా వాళ్లు నవ్వేవారు, లేదా నీలం రంగు వేసి పంపేసేవారు. ఆయన ఒప్పుకునేవారు కాదు. "కేకు ఎవరిదో ఆయన్నే అడగరా కోటేశూ. డబ్బులిచ్చేవాడి రంగు కాదు, కోసేవాడి రంగు వెయ్యాలి" అనేవారు. ఒకసారి రిటైరైన బస్సు డ్రైవరుకి కొడుకులు నీలం పూలు చెప్పి వెళ్లబోతున్నారు. మాస్టారు వాళ్ల వెనక నిలబడ్డ పెద్దాయన్ని పిలిచి, "బాబాయ్, నీకేం రంగు కావాలి?" అన్నారు. ఆయన కొడుకుల వంక భయంగా చూసి, "కనకాంబరాల రంగు దొరుకుద్దా? మా ఇంటిదానికి చానా ఇష్టం" అన్నాడు. "పదిమందిలో నవ్వుతారు నాన్నా" అన్నాడు పెద్దకొడుకు. "నవ్వనీయరా, నవ్వినోళ్లకి ముక్క తక్కువ పెడదాం" అన్నారు మాస్టారు. ఆ కేకు మీద కనకాంబరాలే పూశాయి.

ప్రెసిడెంటు గారంటే గురజాల వైపు ఒక ఊరికి మాజీ సర్పంచ్. పదవి పోయినా పిలుపు పోలేదు. మా మాస్టారి పని పోయిన ఏడాది ఆయన పార్టీ మారబోతున్నాడని ఊరంతా గుసగుస. మా వైపు చొక్కా రంగు చూసి కూడా మనిషి ఎటో తేల్చేస్తారు. ఆయన షష్టిపూర్తికి కేకు చెప్పడానికి వచ్చిన ముఖ్య అనుచరుణ్ణి మాస్టారు రంగు అడిగారు.

"ఆయన్నడిగి చెప్పు అంజయ్యా."

"ఏంది మాస్టారూ, రంగడిగితే ఏ పార్టీ అని అడిగినట్టు కాదా? నన్ను చంపుతాడు. మీ ఇష్టం, వేసెయ్యండి."

మాస్టారు తానే ఫోను చేశారు. ఎవరో ఎత్తి, విషయం విని, పెట్టేశారు. మాస్టారు నా వైపు తిరిగి, "ఆయన పత్తి రైతు గదరా, చేలో పూవే వేద్దాం. దానికి పార్టీ ఏముంది?" అన్నారు. పత్తిపూవు విచ్చినప్పుడు మీగడ రంగులో ఉంటుంది, మర్నాటికి గులాబీ రంగుకి తిరుగుతుంది. రెండు రకాలూ నా చేతే చేయించారు.

గురజాల ఫంక్షన్ హాలుకి కేకు మేమే తీసుకెళ్లాం. మూత తియ్యగానే ప్రెసిడెంటు గారు ముందుకు వంగారు. "ఇది మన చేలో పూవే గదయ్యా!" అన్నారు. ముఖం విచ్చుకుంది. ఒక గులాబీ రంగు రేకు వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నారు. ఇది నేను కళ్లారా చూశాను.

అప్పుడే వెనక వరసలోంచి ఎవడో అరిచాడు. "ఇయ్యాల ఒక రంగు, రేపు ఒక రంగు! మన ప్రెసిడెంటు గారికి తగిన పూవే!" హాలంతా నవ్వింది. ఆయన ముఖం నల్లబడింది. అంజయ్య మా మీదికి దూకాడు. "ఎవడ్రా ఈ పూలేసింది? ఎగతాళా?" నా వేళ్లకి ఇంకా గులాబీ రంగు ఉంది. మాస్టారు నన్ను వెనక్కి నెట్టి, "రంగు చెప్పింది నేను. వాణ్ణేమీ అనొద్దు" అన్నారు. అంజయ్య ఆయన కాలరు పట్టుకున్నాడు. అందరం ప్రెసిడెంటు గారి వైపే చూశాం. ఆయన కేకు కోసి, ముఖం పక్కకి తిప్పుకున్నారు.

మర్నాడు బేకరీ యజమాని, "పెద్దోళ్లతో మనకెందుకు మాస్టారూ" అంటూ ఆయన్ని పంపించేశాడు. ఆయన మాచర్లలో ఒక బట్టీలో బన్నులు కాలుస్తూ బతికారు. మళ్లీ పూవు వెయ్యలేదు. నేను వెళ్లినప్పుడల్లా అదే మాట ఎత్తేవాణ్ణి. "ఆయన ఒక్క మాటంటే సరిపోయేది గదా మాస్టారూ!"

"నచ్చిందని పైకి అనొచ్చని ఆయనకెవరూ చెప్పలేదేమోరా. పోనీలే" అనేవారు.

నేను పోనివ్వలేదు. అంత పెద్ద మనసు నాకు రాలేదు. ఆయన దగ్గర నాకు వచ్చింది పూలు వెయ్యడం, రంగు అడగడం. నిరుడు ఆయన పోయారు. మట్టి వెయ్యడానికి వెళ్లినప్పుడు ఆ ప్రెసిడెంటు గారి మనిషి ఒక్కడైనా వస్తాడేమోనని చూశాను. రాలేదు.

అందుకే ఇవాళ వచ్చిన ఇద్దరితోనూ చెప్పాను: కేకు ఎవరిదో ఆయనే చెప్పాలి, అప్పటిదాకా క్రీము ముట్టను. "మీకు చాదస్తం ఎక్కువైందని ఆయనకి చెప్తాం" అని నవ్వుకుంటూ పోయారు. చెప్పుకోనీ. ప్రెసిడెంటు గారూ, నా కొట్టు మీకు తెలుసు, నా నంబరు మీ దగ్గరుంది. ఆ రోజు మీరు నాలుక మీద పెట్టుకున్న రేకు బాగుందా, లేదా? బాగుంటే, ఆ మాట అందరి ముందూ అనండి. నేను వినాలి.