తాబేలు కొరికిన వల

శామీర్‌పేట చెరువు దగ్గర ఆరేసిన వలల వాసన తగిలితే మా అవ్వ చెప్పిన కథ గుర్తొస్తుంది. అందులో తాబేలు వల కొరుకుతుంది. తమ్ముడే కోశాడనుకుని అన్న అతని తల పగలగొడతాడు.

"ఒక్కమాట అడగొచ్చు గదా అవ్వా?" అని ఏడ్చాను.

"తెల్వకనే గదా బిడ్డా కొట్టుకునుడు," అంది అవ్వ.

కొన్నాళ్లకు మా వలే తెగింది. నాయిన కట్టె పట్టుకుని చిన్నాయిన ఇంటికి బయలుదేరాడు. నేను ఆయన కాళ్లకు చుట్టుకుని, "చిన్నాయిన కాదు నాయినా, తాబేలు కొరికింది!" అని అరిచాను.

నాయిన వలను చూశాడు, నన్ను చూశాడు. "అవ్ బిడ్డా, తాబేలే," అని కట్టె పక్కన పడేశాడు.

ఇప్పుడు ఇంట్లో వలలు బాగుచేసేది నేనే. తాబేలు కొరికితే దారం పీచులు పీచులుగా తేలుతుంది. ఆ రోజు మా వల కత్తి పెట్టి కోసినట్టు నున్నగా తెగింది. నాయినకు ఆ తేడా అప్పుడే తెలుసు.