సంగటి ముద్దలో ఇంజను నంబరు

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే, వేంపల్లె బస్సు డ్రైవరు నన్ను చూసి బస్సు ఆపాడు. "అక్కా, మీ పక్కింటి మేస్త్రీ పోయినాడు. వేంపల్లెలో కూతురింట్లో. పొద్దున నమాజు చేసుకోని గోడకు ఆనుకున్నాడంట, అంతే" అన్నాడు. బస్సు నిండా జనం. అయినా ఒక్కరూ తొందరపెట్టలేదు. ఆ దారిలో తిరిగే బస్సుల్లో ఆయన చెయ్యి పడనిది లేదని వాళ్లకూ తెలుసు.

కడపలో మా ఇంటికీ, ఆయన బండ్లు బాగుచేసే షెడ్డుకూ మధ్య ఒకటే గోడ. నన్ను చెల్లే అనీ, మా ఆయన్ను బావా అనీ పిలిచేవాడు. బిస్మిల్లా అనుకోకుండా ఏ ఇంజను మీదా చెయ్యి వేసేవాడు కాదు. నేను ప్రార్థన చేసుకుని గానీ పొయ్యి ముట్టించనని తెలిసి, "మనిద్దరిదీ ఒకటే పద్ధతి చెల్లే. పొగతో పని చేసేటోళ్లకు దేవుడు శానా అవసరం" అని నవ్వేవాడు.

ఆయన దగ్గర మరలు తిప్పే తిరుపులి ఒకటుండేది, చెక్కపిడి ఉన్న పొడుగాటిది. దాని మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అప్పుడెవరూ మాట్లాడకూడదు. గోడ మీద కాకి అరిచినా అదిలించేవాడు. "ఇంజనుకు నోరుండాది. మనకే చెవుల్లేవు" అనేవాడు.

ఆ చెవి మా ఇంటి పరువు నిలబెట్టిన సంగతి మీకు చెప్పాలి.

అప్పట్లో మా ఆయన ఒక ముగ్గురాయి గనుల యజమాని దగ్గర డ్రైవరు. ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయిన ఏడాది ఆ యజమాని ఒక దొర దగ్గర పాత పందేల కారు కొన్నాడు. ఎర్రటిది. ఇద్దరే కూర్చోవాలి, పైన కప్పు లేదు. మా ఎండలకు ఆ సీట్ల మీద దోసెలు కాల్చుకోవచ్చని ఊరంతా నవ్వేది. మా ఆయన మాత్రం దాన్ని పసిబిడ్డలా తుడిచేవాడు.

ఐదేళ్ల కిందట యజమాని పోయాడు. మద్రాసులో ఉండే కొడుకు కారు అమ్ముదామని వచ్చాడు. వెంట ఒక మెకానిక్కునూ, కారు తయారుచేసిన కంపెనీ పుస్తకాన్నీ తెచ్చాడు. బానెట్టు ఎత్తి చూశారు. పుస్తకం ప్రకారం కార్బురేటరు ఒకటే ఉండాలి, ఇందులో రెండున్నాయి. ఇంజను నంబరు ఉండాల్సిన అంచు నున్నగా ఉంది.

"అసలు ఇంజను ఎవరికి అమ్ముకున్నావు డ్రైవరూ? ఎల్లుండిలోగా చెప్పకపోతే పోలీసులకు అప్పగిస్తా" అన్నాడు కొడుకు.

పదిహేనేళ్ల కొలువులో ఒక్క మాట పడని మనిషి మా ఆయన. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం ముట్టలేదు. నేను మోకరించి ఏడుస్తుంటే గోడ అవతల నుంచి మేస్త్రీ గొంతు వినిపించింది.

"చెల్లే, దేవుణ్ణి అడిగినావు, మంచిదే. ఆ ఇంజన్ను ఎవరన్నా అడిగినారా?"

మరునాడు తానే వెళ్లి బతిమాలి కారును షెడ్డుకు తెప్పించాడు. కొడుకూ, మెకానిక్కూ, మా ఆయనా వచ్చారు. ఇంజను స్టార్టు చేయించి, తిరుపులి ఆనించి చాలాసేపు విన్నాడు.

"లారీదీ కాదు, జీపుదీ కాదు. ఈ బండిదే. ఎవరో కారం ఎక్కువ దట్టించినారు, అంతే" అన్నాడు.

"నంబరు కూడా చెవితోనే చదువుతావా సాయిబూ?" అన్నాడు మెకానిక్కు.

"ఆత్రపడాకప్పా. మూత తీయనీ."

మధ్యాహ్నానికి ఇంజను పైమూత ఊడదీసి నాపరాయి బండ మీద పెట్టాడు. నంబరుండాల్సిన అంచు మీద బొటనవేలి గోరుతో నెమ్మదిగా గీరి అందరినీ పిలిచాడు. వంగి చూస్తే సన్నటి గాట్లు వరుసగా కనిపించాయి.

"అంకెల పాదాలు ఇయ్యి. పైభాగం పోయింది. దొంగైతే నంబరు మీదనే ఆకురాయి పెడతాడు. ఈడ మూత కూర్చునే మొకమంతా ఒక్క తీరుగా చెక్కినారు. బలం పెరగల్లని దొర చేయించిన పని ఇది. రెండో కార్బురేటరూ అందుకే. వేరే ఇంజను పెట్టలేదు, ఉన్నదాన్నే దిద్దినారు."

మెకానిక్కు తల అడ్డంగా ఊపాడు. "డ్రైవరు తెచ్చి పెట్టిన ఇంకో ఇంజనుకే ఆ పని జరిగి ఉంటే?"

"కొట్టిన నంబరు పోతాది. పోతపోసిన నంబరు యాడికి పోతాది? పుస్తకంలో చూడు."

పుస్తకంలో ఉంది. ఆ రకం ఇంజన్లన్నిటికీ వెనకవైపు, ఇనుముతో పాటే పోతపోసిన ఉబ్బెత్తు అంకెలు. కానీ అక్కడ చెయ్యి దూరేంత సందే తప్ప చూపు పోదు, అద్దం పట్టదు. మేస్త్రీ కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడిచి వేళ్లతో తడిమాడు. "ఉండాయి. ఏ అంకెలో మాత్రం తెలీలేదు" అని కాసేపు ఆలోచించాడు. తర్వాత సద్ది గిన్నెతో నిలబడ్డ నావైపు తిరిగాడు.

"చెల్లే, బావకు ఏం తెచ్చినావు?"

"సంగటి."

"ఒక ముద్ద ఇట్ల ఇయ్యి."

"తినేకి ఇదా సమయం!" అన్నాడు మెకానిక్కు.

మేస్త్రీ ముద్దను అప్పంలా తట్టి, సందులోకి చెయ్యి దూర్చి అదిమాడు. కాసేపు ఆగి నెమ్మదిగా లాగాడు. సంగటి మీద అంకెలు తిరగబడి గుంటలు పడ్డాయి. దాన్ని కారు అద్దం ముందు పట్టుకుని, "చదువు చెల్లే, హైస్కూలు చదివినావు గదా" అన్నాడు.

కీర్తన పాడేటప్పుడు కూడా గొంతెత్తని దాన్ని. అందరికీ వినిపించేలా ఒక్కొక్క అంకే చదివాను. మెకానిక్కు పుస్తకం మీద వేలు జరుపుతూ సరిచూశాడు. చివరి రెండూ చెదిరిపోయాయి. మా ఆయన కళ్లు మూసుకున్నాడు.

మేస్త్రీ మాత్రం పకపకా నవ్వాడు. "మెత్తగా గెలికినావు చెల్లే. అత్తగారు చూసింటే ఏమనును? అడుగున గట్టిది చూసి ఇంకో ముద్ద ఇయ్యి."

రెండో ముద్ద మీద అన్నీ నిలిచాయి. అన్నీ కలిశాయి.

"ఇట్లాంటి ఇంజను ఈ జిల్లాలో ఇంకోటుంటే నా చెవికి తెలీకుండా ఉంటాదా సామీ?" అన్నాడు మేస్త్రీ. కొడుకు పుస్తకం మూశాడు. మా ఆయన ముందు నిలబడి, "తప్పు మాట అన్నాను అన్నా, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. డ్రైవరూ అనలేదు.

ఆ రోజు ఏం తీసుకుంటావని అడిగితే మేస్త్రీ కోరింది ఒక్కటే. మరునాడు ఇంజను బిగించాక ఆ బండిలో కూర్చోవాలన్నాడు. మా ఆయన తోలాడు. నేను వీధిలో నిలబడి చూశాను. టోపీ ఎగిరిపోకుండా తొడ కింద పెట్టుకున్నాడు. తెల్లటి గడ్డం గాలికి రెండుగా చీలింది. ఊరి జనమంతా ఆయన్నే చూస్తున్నా ఆయన ఎవరినీ చూడలేదు. కళ్లు మూసుకుని, మెడ ఒకపక్కకు వాల్చి, ఇంజను చెప్పేది వింటూ నవ్వుతున్నాడు. పక్కన మా ఆయన వీధి మలుపు దాకా హారను కొడుతూనే ఉన్నాడు.