గంజి చీర చప్పుడు

మా పై వాటాలో ఉండే బౌదీ, బెంగాలీలో వదిన అన్నమాట, ఈ ఉదయం అన్నం వార్చిన గంజిలో తన నూలు చీరలు ముంచి, మెట్ల పక్క కమ్మీ మీద ఆరేసింది. కలకత్తా భవానీపూర్‌లో ఈ పాత మేడలన్నీ ఇంతే, పైవాళ్ల వంటింటి వాసన ముందు కిందివాళ్ల మంచం దగ్గరికి వస్తుంది. వేడి గంజి వాసన. కాస్త పులుపు, కాస్త పసితనం కలిసిన వాసన. నేను మాత్ర నోట్లో వేసుకోబోతూ ఆగిపోయాను. ఎండ ఎక్కాక గాలికి ఒక చీర అంచు కదిలి గరగరమంది. డెబ్బై దాటినదాన్ని, నడుం నొప్పి మనిషిని, ఆ చప్పుడికి నిటారుగా కూర్చున్నాను. సువార్తమ్మ టీచరుగారు వస్తున్నారనిపించింది.

మీలో ఎవరూ ఆవిడని చూసి ఉండరు. హౌరా పక్క షాలిమార్‌లో, రైల్వే క్వార్టర్లలో మా పక్క గుమ్మం ఆవిడది. గూడ్స్ గార్డుగా చేసే తమ్ముడి దగ్గర ఉండేవారు. అప్పటికే ఉద్యోగం విరమించారు. విజయనగరం వైపు నుంచి వచ్చిన మా తెలుగు కుటుంబాలు నాలుగైదు ఆ వరసలో ఉండేవి. ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి వరండాలో చాప పరిచి ప్రార్థన పెట్టుకునేవాళ్లం. ఆవిడ వస్తున్నారంటే ముందు చీర వినిపించేది, తర్వాత మనిషి కనిపించేది. రేకులా బిగిసిన తెల్ల చీర. ఆ చప్పుడు వింటే ఆడుకుంటున్న పిల్లలు మట్టిచేతులు వెనక్కి దాచుకునేవారు. అది కోపం తాలూకు చప్పుడని మా అందరి నమ్మకం.

నేను బడికి వెళ్లలేదు. వెళ్లాను గాని, ఉండనివ్వలేదు. రెండో తరగతిలో ఒకరోజు బల్ల మీది నుంచి పడి కొట్టుకున్నాను. కళ్లు తెరిచేసరికి పిల్లలంతా గోడకి అంటుకుపోయి నన్ను చూస్తున్నారు. ఎవరో నా చేతిలో ఇనప తాళంచెవులు కుక్కారు, ఎవరో ముక్కు దగ్గర చెప్పు పెట్టారు. మర్నాడు నాన్నని పిలిచి, ఇంట్లోనే ఉంచుకోమన్నారు. మా ఇంట్లో ఆ జబ్బుకి పేరు లేదు. "అది వచ్చింది" అనేది అమ్మ, గొంతు తగ్గించి. "అది తగ్గింది" అనేవారు నాన్న. నేను దానికంటే ఆ "అది" అనే మాటకి ఎక్కువ భయపడేదాన్ని. గదిలో మూల నిలబడి ఉన్న మనిషిలా ఉండేది ఆ మాట.

ఒక మధ్యాహ్నం టీచరుగారు వచ్చి, మా చాప మీద కూర్చుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"నిన్ను పడేసేదాని పేరేమిటి?"

"అది అండీ."

"అది అంటే? బల్లా, గిన్నా? మీ ఇంట్లో పిల్లికి కూడా పేరుంది కదా. పేరు చెప్పు."

అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏటండీ టీచరమ్మగారూ, దాని నోటంట ఆ మాట రప్పిస్తారేటి? పిలిస్తే వచ్చీస్తాదండీ అది!"

"పిలవకపోయినా వస్తూనే ఉంది కదమ్మా" అన్నారు ఆవిడ. "ఇంకో సంగతి. దీని ముందు ఏటి, ఏటి అనకండి. ఏమిటి అనాలి. మా బోర్డింగులో ఏటి అంటే ఆ పూట ఎండలో నిలబెట్టేవారు."

ఆ రోజు నేను "మూర్ఛ" అని పలకలేకపోయాను. అయినా ఆవిడ మర్నాడూ వచ్చారు. ఏళ్ల తరబడి వచ్చారు. లెక్కలు, చరిత్ర, ఇంగ్లీషు, బెంగాలీ అక్షరాలు, అన్నీ ఆ చాప మీదే. దేవుడు నన్ను బడికి పంపలేదు, బడినే నా దగ్గరికి పంపించాడు. అందుకు స్తోత్రం చెప్పుకోని రోజు లేదు నాకు.

నాకు పదహారేళ్లు వచ్చిన వేసవిలో ఖరగ్‌పూర్ నుంచి మా చిన్నాన్న వచ్చాడు. చెడ్డవాడు కాదు. అన్నం తింటూ, నేను వింటున్నానని తెలిసే అన్నాడు. "అన్నియ్యా, మనం పోయినాక దీన్ని ఎవులు చూస్తారు? ఆసుపత్రి పక్కన హోంలో మాటాడేను. ఇలాటోళ్లని జన్మంతా ఉంచుకుంతారు. పైనెలలో ఒక మంచం కాళీ అవుద్దట."

ఆ హోంని నేను చూశాను. క్రిస్మసుకి మా సంఘం ఆడవాళ్లతో పాటలు పాడడానికి వెళ్లాను. కిటికీలకి ఇనప వల. నా ఈడు పిల్ల ఒకతి తన జాకెట్టు గుండీలు పెట్టుకుంటూ, తీసుకుంటూ, మేము పాడినంతసేపూ అదే పని చేస్తూ ఉంది. ఇంటికొచ్చాక ఆ వేళ్లే గుర్తొచ్చేవి.

నాన్న చాలాసేపు చెయ్యి కడుక్కోలేదు. చివరికి, "ప్రైవేటుగా మెట్రిక్ కడుతోంది కదరా. పాసయితే రేవు దగ్గర మెటియాబ్రుజ్‌లో తను పనిచేసిన పిల్లల బడిలో పెట్టిస్తానన్నారు టీచరమ్మగారు. పరీక్ష మజ్జిలో పడిపోయి బయటికి మోసుకొచ్చీసేరనుకో, అప్పుడింక నీ మాటే" అన్నారు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. పరీక్ష రేపనగా టీచరుగారి పెరట్లోకి వెళ్లాను. ఆవిడ చిక్కటి గంజిలో చీర పిసుకుతున్నారు. నా చేతులు చూశారు. వణుకుతున్నాయి.

"కూర్చో" అన్నారు. "మా బోర్డింగులో చివరి తరగతి పిల్లల సంగతి నీకు చెప్పలేదు కదూ."

అది తెల్లదొరల కాలం, గోదావరి దగ్గరి ఆడపిల్లల మిషను బోర్డింగు. చదువు ముగిసిన పిల్లల్ని చివరి రోజున పెద్దహాల్లో వరసగా నిలబెట్టేవారు. దొరసానమ్మ ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి, వాళ్లు ఇక ఎక్కడికి వెళ్లాలో అందరి ముందూ చెప్పేది. ఒకతెని కొండల్లో బడికి. ఒకతెని నర్సు పనికి. ఒకతెని భార్య పోయిన ఏ ఉపదేశకుడికో పెళ్లికి. ముందుగా ఎవరికీ తెలియదు. అడగకూడదు. అడిగితే దేవుడి చిత్తాన్ని అడిగినట్టు.

"మాకు ముందటేడు ఒక పిల్ల నడుస్తూ నడుస్తూ మోకాళ్లు వణికి కూలబడింది. బడంతా నవ్వింది. మాకు అదే భయం. ఎక్కడికి పంపుతారో అని ఒక భయం, వణకడం కనిపిస్తుందేమో అని దాన్ని మించిన భయం. అప్పుడు మా కరుణమ్మ ఒక ఉపాయం చెప్పింది. వంటశాల గంజి మొత్తం పట్టుకొచ్చి, చీరల్ని మళ్లీ మళ్లీ ముంచి ఎండబెట్టాం. నేల మీద పెడితే చీర దానంతటది నిలబడింది. 'చీర నిలబడితే మనమూ నిలబడతామే' అంది కరుణమ్మ. నిజమే, లోపల మోకాళ్లు కొట్టుకుంటున్నా బయటికి ఏమీ తెలియలేదు."

"మరి నవ్వలేదాండీ ఎవరూ?"

"చూసేవాళ్లకి కనిపించలేదు. కానీ వణికినప్పుడల్లా గంజి గరగరమంది. వరసలో ఈ చివర నుంచి ఆ చివరికి తాటాకుల్లాగ గరగర, గరగర. నా పక్కపిల్లది నాకు వినిపించింది, నాది దానికి వినిపించింది. అప్పటిదాకా నేనొక్కదాన్నే పిరికిదాన్ననుకున్నాను."

రైలు కూడా చూడని ఆవిడకి ఆ రోజు కలకత్తా రేవు దగ్గర బడి అని చదివారు. కరుణమ్మకి పెళ్లి అని చదివారు. "గరగరలాడుతూ వెళ్లింది. మళ్లీ చూడలేదు" అన్నారు. గంజిలోంచి చెయ్యి తీసి, తడిచేత్తోనే నా తల మీద పెట్టి ప్రార్థన చేశారు. తర్వాత, "రేపు హాల్లో నీ పక్కన కూర్చునే పిల్లకి ముందే చెప్పాలి. పడ్డాక చెప్పడం కాదు. జబ్బు పేరుతో చెప్పాలి" అన్నారు. నాకు పడడం కంటే చెప్పడం కష్టం.

మర్నాడు అమ్మ నాకు టీచరుగారు ఇచ్చిన చీర కట్టింది. ఇప్పుడు నేనుండే ఈ భవానీపూర్‌లోనే ఒక పెద్ద బడిలో పరీక్ష. నాన్న డ్యూటీకి వెళ్లారు, అమ్మ, టీచరుగారు గేటు బయట ఉండిపోయారు. నా జీవితంలో అన్ని బల్లలు ఒకచోట చూడడం అదే మొదలు. వేళ్ల చివరలు తిమ్మిరెక్కుతున్నాయి, అది వచ్చే ముందు అలాగే అవుతుంది. నా పక్కన సన్నటి బెంగాలీ పిల్ల, ఎర్రంచు నూలు చీర. బెంగాలీలో కూడబలుక్కుని చెప్పాను.

"నాకు మూర్ఛ ఉంది."

పరాయి భాషలో కాబట్టి ఆ మాట వచ్చిందేమో. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "నాకు భయం ఉంది. ఉదయం నుంచి మూడుసార్లు వాంతి. నీ మీద పడితే ఏమనుకోకు" అంది. నవ్వొచ్చింది నాకు. అప్పుడు వినిపించింది. హాలంతా ఆడపిల్లలు, అందరివీ గంజి పెట్టిన నూలు చీరలు. ప్రశ్నపత్రాలు పంచుతుండగా ఒక వరస నుంచి ఇంకో వరసకి, గరగర, గరగర.

అది వచ్చింది. సగం పేపరు రాశాక వచ్చింది. టీచరుగారు నేర్పినట్టే కలం పక్కన పెట్టి, తల బల్ల మీద ఆనించాను. అంతే నాకు తెలుసు. మళ్లీ తెలిసేసరికి నా తల కింద ఎవరిదో చేతిసంచి ఉంది. మాస్టారొకాయన, తీసుకెళ్లండి, బయటికి తీసుకెళ్లండి అంటున్నాడు. ఎర్రంచు చీర నాకూ ఆయనకీ మధ్య నిలబడింది. వణుకుతోంది, గరగరలాడుతోంది, కదలడం లేదు. "ఓ లిఖ్‌బే, సార్" అంటోంది. రాస్తుంది, రాస్తుంది అని. కాసేపటికి ఆయనే మంచినీళ్లు తెప్పించి నా ముందు పెట్టాడు. నోట్లో రక్తం రుచి, కళ్ల ముందు అక్షరాలు ఈదుతున్నాయి. రాశాను. ఆ పిల్ల పేరడగడం మరిచిపోయాను. ఇప్పటికీ ప్రార్థనలో ఎర్రంచు చీర అనే చెప్పుకుంటాను. దేవుడికి తెలుసు ఎవరో.

బయటికి వచ్చేసరికి అమ్మ గేటు నీడలో కూర్చుని ఉంది. టీచరుగారు మాత్రం ఎండలోనే, లోపలికి కనిపించే చోట, కమ్మీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎదురొచ్చారు. చప్పుడు లేదు. పొద్దుట నుంచి కారిన చెమటకి గంజి అంతా కరిగి, చీర తడిబట్టలా ఒంటికి అంటుకుపోయింది. మోకాళ్లు వణకడం కనిపించింది నాకు. అంత వయసులో, అంత మనిషికి. ఇన్నేళ్లూ మా వరండాలో నేను విన్నది కోపం కాదని అప్పుడు తెలిసింది.

"ఏటయింది?" అన్నారు. "ఏటయిందే పిల్లా? సెప్పవేటే?"

"మూర్ఛ వచ్చిందండీ. లేచి రాశాను."

అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది, ఆ మాట వినలేక. టీచరుగారు కమ్మీ పట్టుకుని నెమ్మదిగా ఫుట్‌పాత్ మీద కూర్చున్నారు. "ఏటీ, లేచి రాసీసినావా?" అన్నారు. మళ్లీ అన్నారు. తర్వాత కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని, "ఏమిటి. ఏమిటి అనాలి" అన్నారు, నాతో కాదు.

థర్డ్ డివిజనులో మెట్రిక్ పాసయ్యాను. హోంలో ఆ మంచం ఇంకెవరికో వెళ్లింది. ఎవరికో అనే ఆలోచన నన్ను ఇంతవరకూ వదలలేదు. మెటియాబ్రుజ్‌లో దర్జీల పిల్లలకి అక్షరాలు చెప్పాను, చేతులు వంగేదాకా. మొదటి రోజున ప్రతి తరగతికీ నా జబ్బు పేరు చెప్పేదాన్ని. పిల్లలు పెద్దగా పట్టించుకునేవారు కాదు. "అయితే మేమేం చెయ్యాలి దీదీ?" అని అడిగేవారంతే.

ఎల్లుండి నా తలకి ఏదో కొత్త పరీక్ష చేస్తారట. గుహలాంటి యంత్రంలోకి పంపిస్తారని డాక్టరు చెప్పినప్పటి నుంచి భయంగా ఉంది. దేవుణ్ణి నమ్మినదానివి భయమేమిటని మా సంఘంలో ఒకావిడ అడిగింది. నమ్మకం ఉంది, భయమూ ఉంది, రెండూ ఒకే చీరలో ఉన్నాయన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

సాయంత్రం పైకి వెళ్లి బౌదీ తలుపు తట్టాను. "గంజి కాస్త మిగిలిందా, బౌదీ? ఒక తెల్ల చీర ఉంది" అన్నాను. నా ఆసుపత్రి సంగతి వినే ఉంది, గిన్నె తెచ్చి ఇస్తూ, "ఎల్లుండి నేను కూడా వస్తాను దీదీ, ఒక్కరే వెళ్లకండి" అంది. గిన్నె అందుకున్నాను. గుమ్మంలోనే నిలబడి, ముందే చెప్పేశాను.

"నాకు మూర్ఛ ఉంది బౌదీ. భయం కూడా ఉంది. ఆసుపత్రిలో నా పక్కన కూర్చుంటే నీకు వినిపిస్తుంది."