అమ్మమ్మ గడి

మా మనవరాలు బయాలజీ రికార్డులో ఎర్ర పెన్సిల్‌తో గడులు గీసుకుంటోంది. చెక్క స్కేలు కాగితం మీద జరిగిన ఆ చప్పుడుకి కరుణమ్మగారు గుర్తొచ్చారు. డెబ్బైల్లో పామర్రు దగ్గర ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో ఆవిడ హెడ్ నర్సు, నేను కొత్తగా చేరిన నర్సుని. కాన్పుల రిజిస్టరులో అచ్చేసిన గడులు చాలవన్నట్టు ప్రతి పేజీ చివరా ఆవిడే ఇంకో గడి గీసేవారు. కాన్పుకొచ్చిన మనిషి తన తల్లి కడుపులో ఉన్నప్పుడు ఆ తల్లి ఏం తిన్నదో, ఏం కష్టపడిందో అడిగి అందులో రాయాలి. డాక్టరుగారు నవ్వేవారు. నేనూ చాటుగా నవ్వుకుని, చాలాసార్లు ఆ గడి ఖాళీగా వదిలేసేదాన్ని.

ఒక ఉదయం సుశీల అనే అమ్మాయికి రెండో కాన్పయింది. బిడ్డ మరీ బక్కగా ఉంది. ఎందుకిలా పుట్టిందని అత్తగారు అడిగితే, నా చదువంతా చూపించుకుంటూ "తల్లి సరిగ్గా తినలేదండీ" అనేశాను. ఆవిడ కోడలివైపు తిరిగింది. "మా ఇంట్లో తిండికేం కరువొచ్చిందే? మొదటిదీ ఇలాగే పుట్టి దక్కలేదు. ఇంక నువ్వు మీ పుట్టింట్లోనే ఉండు." సుశీల ఏడవను కూడా లేదు, గోడవైపు తిరిగి పడుకుంది. అలా అనెయ్యడం నా తప్పేనని అప్పుడు తెలిసింది.

కరుణమ్మగారు రిజిస్టరు పట్టుకొచ్చి కాన్పుకి తోడొచ్చిన సుశీల తల్లి పక్కన కూర్చున్నారు.

"ఈ పిల్ల మీ కడుపులో ఉన్నప్పుడు ఏం తిన్నారమ్మా?"

"ఏటిగట్టు తెగిన ఏడండీ అది. చేలన్నీ మునిగిపోయినియ్యి. నాలుగు నెలలు గంజేనండీ."

అది రాసుకుని ఆవిడ అత్తగారితో నెమ్మదిగా అన్నారు. "ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే దాని అండాలు తయారవుతాయండీ. మీ మనవరాలికి మూలమైన అండం మీ కోడలిలో ఆ గంజి రోజుల్లోనే తయారైంది. తప్పంతా మీ కోడలిదే అంటే ఎలాగండీ?"

అత్తగారు బిడ్డని ఒళ్లోకి తీసుకుని, "పాలు పడుతున్నాయా?" అని కోడల్ని అడిగింది. వారం తర్వాత తనే వాళ్లిద్దర్నీ తమ ఇంటికి తీసుకెళ్లింది.

సుశీల కాన్పయిన రోజు సాయంత్రం, ఈ గడి ఎవరు నేర్పారని కరుణమ్మగారిని అడిగాను. స్కేలు తుడుస్తూ చెప్పారు. "నాకూ ఇద్దరు పుట్టి పోయారమ్మా. అత్తారింటివాళ్లు నన్ను పుట్టింటికి పంపేశారు. మా అమ్మ నన్ను మోస్తూ నొప్పులొచ్చేదాకా నాట్లేసింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు."

ఆకలీ వయసూ డీఎన్ఏ అక్షరాల్ని మార్చకుండానే వాటి మీద గుర్తులు పెడతాయనీ, దాన్ని మిథైలేషన్ అంటారనీ ఇప్పుడు మనవరాలు తన రికార్డు చూపిస్తూ చెబుతోంది. మనుషుల్లో ఆ గుర్తులు మనవల దాకా ఎంతవరకు వస్తాయో ఇంకా తేల్లేదట. కరుణమ్మగారికి ఆ మాటే తెలియదు, అడగాలని మాత్రం తెలుసు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఏ తల్లిని ఒక మాట అనబోయినా నా నోరు ఆగిపోతుంది. నేను ఖాళీగా వదిలేసిన ఆ గడుల్లోంచి ఎంతమంది నింద మోసుకుంటూ పుట్టింటికి వెళ్లిపోయారో నాకు తెలియదు.